ఆ రోజు ఆమె పుల్లలు ఏరలేదు: ఫ్యాన్ ఫిక్షన్‌లో చెప్పని మాట గురించి

ఏటిగట్టు:
నెమలికన్ను గారు ఇక్కడ పెట్టిన దేవసేన ఫ్యాన్ ఫిక్షన్ (సినిమా పాత్రలతో అభిమానులు సొంతంగా రాసే కథ) నిన్న రాత్రి చదివాను. పడుకునే ముందు రెండు పేజీలు చూద్దామని మొదలుపెట్టి చివరిదాకా వెళ్లిపోయాను. పొద్దున వంట చేస్తున్నా అదే ధ్యాస. అందుకే విడిగా ఈ చర్చ పెడుతున్నాను.

చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. బాహుబలి మొదటి భాగంలో దేవసేనని మాహిష్మతి కోట ముంగిట గొలుసులతో కట్టేసి ఉంచుతారు కదా. 25 ఏళ్లు. ఆమె పుల్లలు ఏరి పోగు పెడుతుంటుంది, భల్లాలదేవుడి చితి కోసం. సినిమా ఆ పాతికేళ్లనీ కొన్ని నిమిషాల్లో చూపించి ముందుకి వెళ్లిపోయింది. నెమలికన్ను గారి కథంతా ఆ వదిలేసిన కాలంలోనే నడుస్తుంది. ఒక వేసవి, ఒక వాన, ఒక చలి. అంతే.

అందులో కట్టప్ప రోజూ తెల్లవారకముందే వచ్చి, ఆమె చేతికి అందేంత దూరంలో రాగి చెంబుతో నీళ్లు పెట్టి వెళ్లిపోతుంటాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఆమె భర్త బాహుబలిని చంపింది తనే కాబట్టి మాట్లాడడానికి అతనికి నోరు లేదు. ఒక రోజు ఆ నీళ్లలో వట్టివేళ్ల వాసన వస్తుంది. చాలా పేజీల ముందు, ఆమె పుట్టింటి రాజ్యం కుంతలలో వంటింటి కుండల దగ్గర ఆ వాసన ఒక్కసారి వచ్చి ఉంది. బాహుబలితో పాటు కట్టప్ప కూడా ఆ రోజుల్లో కుంతలలో ఉన్నాడన్న సంగతి మనకి తెలుసు. ఆ నీళ్లు అతనూ తాగి ఉంటాడు. గుర్తుపెట్టుకున్నాడు.

కథలో దీని గురించి ఒక్క ముక్క వివరణ లేదు. ఉన్నది ఇంతే:

"చెంబు నోటి దగ్గరికి తెచ్చుకుని ఆగింది. తర్వాత తాగింది. అడుగున మిగిలిన గుక్కెడూ కింద పారబోయకుండా ఎండ వచ్చేదాకా పక్కనే పెట్టుకుంది. ఆ రోజు ఆమె పుల్లలు ఏరలేదు."

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను. పుట్టిల్లు గుర్తొచ్చిందనో, కన్నీళ్లు వచ్చాయనో రాసి ఉంటే అంత తగిలేది కాదు. మీకెలా అనిపించిందో రాయండి.

చల్లకవ్వం:
నేనూ ఆ పేరాలోనే ఆగిపోయాను. నేనైతే అడుగున మిగిలిన గుక్కెడు దగ్గర ఆగాను. మా అమ్మ పోయిన తర్వాత ఆవిడ వాడిన కొబ్బరినూనె సీసాలో అర అంగుళం నూనె మిగిలితే మా చెల్లి రెండేళ్లు పారేయలేదు. చివరికి అది ముక్కిపోయింది. అయినా మూత తీసి చూసేది. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఈ కథ చదివాక చెప్పాలనిపించింది.

మిరపమొగ్గ:
కథ బాగుంది. కానీ ఇక్కడందరూ మౌనాన్నే పొగుడుతుంటే నాకు ఒక అనుమానం. ఏమీ చెప్పకపోవడం కొన్నిసార్లు రచయితకి తెలియకపోవడం కూడా అవుతుంది. పాత్ర మనసులో ఏముందో తేల్చుకోకుండా "ఆమె కిటికీలోంచి చూసింది" అని రాసి వదిలేస్తారు. అదేదో లోతు అని మనం చప్పట్లు కొడతాం. అలాంటివి నేను బోలెడు చదివాను.

ఏటిగట్టు:
మిరపమొగ్గ గారూ, ఒప్పుకుంటాను. కానీ కిటికీలోంచి ఎవరైనా చూస్తారు. వట్టివేళ్ల నీళ్లు తాగి పుల్లలు ఏరకుండా ఉండేది దేవసేన ఒక్కతే. అప్పటిదాకా ఆమె ఒక్క రోజు కూడా మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా పాకుతూ ఏరింది, అది కథలోనే ఉంది. పగ పని ఒక్క పూట ఆగింది. రచయితకి తేలకపోతే ఇంత కచ్చితంగా రాదు.

పాతబీరువా:
అందరికీ నమస్కారం. నేను ఈ ఫ్యాన్ ఫిక్షన్‌కి కొత్త. మా అమ్మాయి పంపితే చదివాను. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి కనుక ముందు ఒక తప్పు చెప్పి తర్వాత మెచ్చుకుంటాను, నెమలికన్ను గారు ఏమనుకోకండి. మూడో భాగంలో "గొలుసు చిలుము వాసన అరచేతుల నుంచి పోలేదు" అని రాశారు. చిలుము పట్టేది రాగికీ ఇత్తడికీ కంచుకీ. ఇనుముకి పట్టేది తుప్పు. రెండు వాసనలూ వేరు. పచ్చగా ఉండేది చిలుము, ఎర్రగా చేతికి అంటేది తుప్పు. చెంబు రాగిది కాబట్టి చిలుము దానికి పెట్టుకోవచ్చు.

ఇక అసలు విషయం. మీరు వట్టివేళ్ల వాసనని వాడిన తీరు చూసి నాకు వెంటనే మనుచరిత్ర తట్టింది. ప్రవరుడు సిద్ధుడిచ్చిన లేపనం పాదాలకి పూసుకుని హిమాలయానికి వెళతాడు. మంచుకి ఆ లేపనం కరిగిపోతుంది. తిరిగి ఇంటికి రాలేక దిక్కు తోచక తిరుగుతున్న మనిషికి ఒక గాలి తగులుతుంది. ఆ గాలిలో తాంబూలం వాసన, అందులో కర్పూరం, ఆపైన కస్తూరి. ఆ వాసన మిగతా పరిమళాలన్నిటినీ కప్పేస్తుంది. ఆ వాసనని బట్టే దగ్గర్లో ఒక స్త్రీ ఉందని అతనికి తెలుస్తుంది. పెద్దన ఆ పద్యంలో వరూధినిని చూపించడు. ఒక్క గాలిని పంపిస్తాడు, అంతే.

అక్కడ వాసన అలంకారంగా కూర్చోలేదు. దారి తప్పినవాడికి దారి చూపించింది, కథని ఒక అడుగు ముందుకి నడిపింది. మీ వట్టివేళ్లూ అదే పని చేశాయి.

ఇంకో మాట. మార్కండేయ పురాణంలో ఉన్న చిన్న కథని తీసుకుని పెద్దన అంత ప్రబంధం చేశాడు. మీరందరూ చేస్తున్న పని పేరు కొత్తదేమో గానీ పని మనకి కొత్త కాదు.

నెమలికన్ను:
పాతబీరువా గారూ, పాదాభివందనం. చిలుము సంగతి నాకు నిజంగా తెలియదు. ఈ రోజే మారుస్తాను. మా ఇంట్లో ఇత్తడి బిందెలకి చిలుము అనే మాట విని, అన్నిటికీ అదేననుకున్నాను.

ఇన్నేళ్లుగా ఇంగ్లీషులో చదివి, ఇది మొదటిసారి తెలుగులో రాసిన కథ. ఎవరూ చదవరేమో అని టెన్షన్‌గా ఉండేది. మీరందరూ ఇంత శ్రద్ధగా చదివినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

దూరపుచుట్టం:
డల్లాస్ నుంచి రాస్తున్నాను. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో పదేళ్లుగా చదువుతున్నదాన్ని. 2009లో అందరికీ తెరిచిన ఫ్యాన్ ఫిక్షన్ సైట్ అది, నడిపేదంతా వలంటీర్లు. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. బాహుబలి కథలు అక్కడా ఉన్నాయి, ఎక్కువగా ఇంగ్లీషులో.

అక్కడ ప్రతి కథకీ ట్యాగులు పెడతారు. 'స్లో బర్న్' అంటే దగ్గరవడానికి చాలా కాలం తీసుకునే కథ. 'పైనింగ్' అంటే లోపల్లోపలే తపించిపోవడం. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు తపిస్తుంటే 'మ్యూచువల్ పైనింగ్'. అలాంటి కథలు కావాలంటే ఆ ట్యాగు నొక్కితే వేలకి వేలు వస్తాయి. నేను రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు ఆ ట్యాగు తెరిచినదాన్నే, కాబట్టి తప్పు పట్టడం లేదు. కానీ ముందే ట్యాగులో తపన అని రాసి ఉంటే, పాత్ర ఎదుటివాళ్ల చెయ్యి వైపు చూడగానే మనకి అర్థం తెలిసిపోతుంది. నెమలికన్ను గారి కథకి ట్యాగు లేదు. వట్టివేళ్ల దగ్గర నాకు నేనుగా తట్టింది. ఆ తట్టడంలో ఉన్న సంతోషం వేరు.

ఇంతకీ ఈ పైనింగ్‌కి తెలుగులో మాట ఏమిటి? విరహం అందామా?

పాతబీరువా:
విరహం సరిపోదమ్మా. విరహం ప్రేయసీప్రియుల మాట. కట్టప్పకి దేవసేన క్షమ కావాలి, దాన్ని విరహం అనలేం.

చల్లకవ్వం:
బెంగ. దేవసేనది బెంగే. హాస్టల్లో చేరిన పిల్లకి ఇంటి మీద ఉండేది, కొత్త కోడలికి పుట్టింటి మీద ఉండేది. బెంగ పెట్టుకున్న మనిషి నోరు తెరిచి చెప్పదు. అన్నం తగ్గిస్తుంది. మనమే చూసి "బెంగ పెట్టుకుంది" అంటాం. ఎప్పుడూ పక్కవాళ్లే చెప్పే మాట అది.

దూరపుచుట్టం:
చల్లకవ్వం అక్కా, ఇది చదివి కళ్లు చెమర్చాయి. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది అమ్మ ఫోన్లో "బెంగ పెట్టుకున్నావా" అని అడిగితే లేదనేదాన్ని. "సరే, ఏం తిన్నావ్" అనేది. ఆ ప్రశ్న ఎందుకు అడిగేదో ఇప్పుడు తెలిసింది.

మిరపమొగ్గ:
నేను ఒక పని చేశాను. మా రూమ్మేట్‌ది ఒడిశా, తెలుగు బాగా వచ్చు, బాహుబలి మాత్రం చూడలేదు. తనకి ఈ కథ ఇచ్చి చదవమన్నాను. ఏమీ చెప్పలేదు.

వేసవి భాగం చదువుతూ తను తన మణికట్టు పట్టుకుంది. నేను పక్కనే ఉండి చూశాను. "మధ్యాహ్నానికి గొలుసు కాలేది. పమిట కొంగు చింపి మణికట్టుకీ ఇనుముకీ మధ్య దోపుకుంది. సాయంత్రానికి గుడ్డ చెమటకి తడిసి, ఇనుము చల్లారాక బిగుసుకునేది" అని ఉంది కదా, అక్కడ. అంటే ఆ వేడి ఎవరికైనా తగులుతుంది. ముందూ వెనకా తెలియక్కర్లేదు.

వట్టివేళ్ల దగ్గర మాత్రం తను ఆగలేదు. అడిగితే, "మొదట్లో కుండ దగ్గర వచ్చిన వాసనే కదా, గుర్తుంది. అయితే ఏంటి? ఆ ముసలాయన పనివాడా?" అంది. కట్టప్ప ఎవరో చెప్పాను. ఎవరిని చంపాడో, ఎవరి ఆజ్ఞ మీద చంపాడో, దేవసేన ఎవరి భార్యో చెప్పాను. అప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి ఆ పేరా చదువుకుని, చాలాసేపు మాట్లాడలేదు.

నా మొదటి అనుమానం కొంత వదులుకుంటున్నాను. స్పర్శ, వాసన అందరికీ పనిచేస్తాయి. మౌనం మాత్రం తెలిసినవాళ్లకే పనిచేస్తుంది. ఫ్యాన్ ఫిక్షన్‌లో ఇంత తక్కువ చెప్పి ఇంత రాబట్టగలుగుతున్నారంటే, సగం కథ చదివేవాళ్ల దగ్గర ముందే ఉంది కాబట్టి. సొంత పాత్రలతో ఇదే పేరా రాసి ఉంటే, పనివాడు నీళ్లు పెట్టాడు, ఖైదీ తాగింది అని మిగిలేది.

ఏటిగట్టు:
ఇది నాకు తోచనే లేదు. మీ రూమ్మేట్‌కి నా తరఫున థాంక్స్ చెప్పండి. ఫ్యాన్ ఫిక్షన్ అంటే తేలిక పని, పాత్రలు రెడీమేడ్‌గా దొరుకుతాయి అని చాలామంది అంటారు. పాత్రలు దొరుకుతాయి, నిజమే. అవి మన జ్ఞాపకంతో పాటే వస్తాయి. ఆ జ్ఞాపకాన్ని ఎక్కడ కదపాలో తెలియడం తేలిక కాదు.

చల్లకవ్వం:
మిరపమొగ్గ చెప్పింది చదివాక మా అమ్మమ్మ పాడిన ఊర్మిళాదేవి నిద్ర పాట గుర్తొచ్చింది. మధ్యాహ్నం అరుగు మీద చేటలో బియ్యం ఏరుతూ పాడేది. లక్ష్మణుడు అన్నతో అడవికి వెళ్లిపోతాడు. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. అందరూ తిరిగొచ్చి, పట్టాభిషేకం అయ్యాక, సీత గుర్తుచేస్తే గానీ ఆమె ఊసు ఎవరికీ రాదు. లక్ష్మణుడు వెళ్లి మంచం పక్కన కూర్చుంటాడు. ఆమె సగం మెలకువలో, కళ్లు తెరవకుండానే, ఎవరో పరాయి మగవాడు వచ్చాడనుకుని మందలిస్తుంది. మా నాన్నగారికి తెలిస్తే నిన్ను ఊరుకోరు అంటుంది.

ఆ ఘట్టం దగ్గర అమ్మమ్మ గొంతు తగ్గించేది. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది, భర్తనే గుర్తుపట్టలేదని. పెళ్లయ్యాక ఆలోచిస్తే, పద్నాలుగేళ్ల దూరాన్ని చూపించడానికి అంతకన్నా ఏం కావాలి? నీకోసం ఎంత ఎదురుచూశానో అని ఆమె ఒక్కసారి కూడా అనదు. ఆ పాట విన్న ఆడవాళ్లందరికీ రామాయణం కంఠతా వచ్చు. సీత వెళ్లింది, ఊర్మిళ ఆగిపోయింది అని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో పాట కూడా ఉంది. శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతని అడుగుతుంది. సీత అతని కాలి బొటనవేలు ఒక్కటే గీస్తుంది. లంకలో ఉన్నన్నాళ్లూ తల ఎత్తి చూడలేదు, ఆమెకి తెలిసింది ఆ వేలే. భయం, రోషం, ఒంటరితనం, అన్నీ ఒక కాలి వేలిలో పెట్టేశారు ఆ పాట కట్టిన ఆడవాళ్లు.

పాతబీరువా:
అమ్మా, స్త్రీల రామాయణపు పాటల్ని ఈ చర్చలోకి తెచ్చినందుకు ధన్యవాదాలు. వాటిని మేము క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఒక ఎదురు మాట కూడా అంటాను. మన సాహిత్యమంతా ఇలా గుట్టుగా ఉండదు. వరూధిని తన కోరిక ప్రవరుడి ముఖం మీదే చెప్పేస్తుంది. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో నాయికలు మువ్వగోపాలుడితో దాచకుండా మాట్లాడతారు, దెప్పుతారు, అడుగుతారు. ఆ బాహాటంలోనూ గొప్ప అందం ఉంది. నోరు విప్పే హక్కు పాత్రకి ఉన్నప్పుడు విప్పనివ్వాలి. దేవసేన మాట్లాడకపోవడం ఎందుకు బాగుందంటే, ఆమె సహజంగా మాట్లాడే మనిషి. కుంతలలోనూ మాహిష్మతి సభలోనూ ఎవరికీ తగ్గకుండా మాట్లాడింది. ఆ గొంతు విన్నవాళ్లకి ఈ నిశ్శబ్దం బరువుగా ఉంటుంది. మొదటి నుంచీ నోరు లేని పిల్లని తీసుకుని ఇదే రాస్తే నేను మెచ్చను.

మిరపమొగ్గ:
సార్, ఇది రాసి గోడకి అంటించుకుంటున్నాను.

అలాగే నెమలికన్ను గారికి ఒక విమర్శ. రెండో భాగంలో ఆమె బాహుబలిని తలుచుకునే పేరా బలహీనంగా ఉంది. గంధం, తోలు, గుర్రం చెమట, తడిమట్టి, నూనె దీపం, అన్నీ ఒకే వాక్యంలో వరసగా వస్తాయి. కిరాణా చీటీలా ఉంది. ఏ వాసనా నా ముక్కుకి అందలేదు. కట్టప్ప నీళ్లలో ఒక్క వాసనే ఉంది, అది వదల్లేదు.

నెమలికన్ను:
మీరన్నది నిజం. ఆ పేరా రాసేటప్పుడు నాకే నమ్మకం లేదు. రాజు అంటే ఏ వాసన ఉంటుందో ఊహించి, తోచినవన్నీ పెట్టేశాను. దేవసేన ముక్కుతో ఆలోచించలేదు. వట్టివేళ్లు అలా కాదు. మా నాన్నమ్మ ఎండాకాలం కుండలో వేసేది. గుడ్డలో మూట కట్టి, దారం బయటికి వేలాడేలా. నీళ్లు తాగుతుంటే ముందు వాసన, తర్వాత చల్లదనం, ఆఖర్న నాలుక మీద మట్టిలాంటి రుచి వచ్చేవి. అదే వరసలో రాశాను.

బాహుబలి పేరాలో ఐదూ తీసేస్తాను. ఏదో ఒకటి దొరికేదాకా ఖాళీగా ఉంచుతాను.

దూరపుచుట్టం:
ఐదూ తీసేసి వాసనే లేకుండా రాస్తే? పాతికేళ్లలో ఆమె అతని వాసన మర్చిపోయి ఉంటుంది. గుర్తుచేసుకుందామని కళ్లు మూసుకుంటే తుప్పు వాసన ఒక్కటే వస్తుంది. మా నాన్నగారు పోయి ఎనిమిదేళ్లు. ఆయన గొంతు గుర్తుంది. చొక్కా దగ్గర ఏ వాసన ఉండేదో ఎంత ప్రయత్నించినా రావడం లేదు.

నెమలికన్ను:
దూరపుచుట్టం గారూ... ఇది వాడుకోవచ్చా?

దూరపుచుట్టం:
వాడుకోండి. సంతోషంగా.

ఇంకో విషయం, తెలుగులో రాసేవాళ్లందరికీ. ఇంగ్లీషు కథల్లో లేని ఒక సదుపాయం మనకి ఉంది: నువ్వు, మీరు. నేను కుంతల రోజుల మీద ఒక చిన్న కథ రాశాను, ఎక్కడా పెట్టలేదు. బాహుబలి అమాయకుడిలా నటిస్తున్నన్నాళ్లూ దేవసేన అతన్ని నువ్వు అంటుంది, విసుక్కుంటుంది, పని చెబుతుంది. అతనెవరో తెలిసిన రోజు ఒకే ఒక్క వాక్యంలో మీరు అంటుంది. అతను తల ఎత్తి చూస్తాడు. గౌరవం పెరిగింది, చనువు పోయింది. పోయిన దానికోసమే అతని ముఖం వాడిపోతుంది. ఇదే కథ ముందు ఇంగ్లీషులో రాయబోతే ఆ చోట రెండు పేరాలు వివరించాల్సి వచ్చింది. తెలుగులో ఒక్క మాట మారిస్తే చాలింది.

ఏటిగట్టు:
ఆ కథ పెట్టండి, దయచేసి! మా ఆయన పెళ్లయిన కొత్తలో నన్ను మీరు అనేవారు. ఎప్పుడు నువ్వు అన్నారో నాకు రోజుతో సహా గుర్తుంది. బస్సు దిగుతుంటే "నువ్వు జాగ్రత్త" అన్నారు.

తెల్లకోటు:
ఆలస్యంగా వచ్చాను, డ్యూటీలు. నేను ఆర్థోపెడిక్ వార్డులో నర్సుని. కథలో మణికట్ల గురించి రాసింది చాలావరకు సరిగ్గా ఉంది. రాపిడికి ముందు పుండు పడి, ఆ తర్వాత చర్మం మందమై కాయ కాస్తుంది. కానీ పాతికేళ్లయ్యాక కూడా ఆమెకి నొప్పి మొదటి రోజులానే ఉన్నట్టు రాశారు. కాయ కాసిన చోట స్పర్శ మొద్దుబారుతుంది. ఇనుము కాలుతోందో లేదో ఆమె మణికట్టు చెప్పదు, దాని పక్కన మెత్తగా మిగిలిన చర్మం చెబుతుంది.

ఇంకొకటి. కట్టు విప్పిన తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. పిండికట్టు తీసేసిన పేషెంట్లని రోజూ చూస్తాను. చెయ్యి తేలికైపోతుంది, వాళ్లకి నమ్మకం కలగదు. కట్టు ఉన్నప్పుడు ఎలా రెండో చేత్తో పట్టుకుని నడిచేవాళ్లో, తీశాక కూడా అలాగే పట్టుకుని వార్డు బయటికి వెళతారు. గ్లాసు అందుకోబోతే చెయ్యి అనుకున్నదానికన్నా పైకి లేస్తుంది. కొంతమంది అప్పుడే ఏడుస్తారు, నొప్పి ఏమీ లేకుండానే.

నెమలికన్ను:
తెల్లకోటు గారూ, ఇది చదివి వెంటనే కూర్చుని రాశాను. చివరి భాగం, చితి దగ్గర. ఇంకా పచ్చిగా ఉంది, అయినా మీ అందరికీ ముందు చూపించాలనిపించింది:

"పుల్లలన్నీ ఆమె చేతిమీదుగా వచ్చినవే. తుమ్మ ఏదో వేప ఏదో చూడకుండా చెప్పగలదు. పచ్చిగా దొరికి, వంగి, ఎండడానికి ఏడాది పట్టినవి కూడా ఉన్నాయి. ఆఖరి పుల్ల పైన పెట్టడానికి చెయ్యెత్తింది. చెయ్యి తల దాటి పైకి పోయింది. ఎప్పుడూ ఉండే బరువు దాన్ని కిందకి లాగలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా దించుకుంది. ఎవరైనా చూశారేమోనని పక్కకి తిరిగింది. కట్టప్ప చూశాడు. తల దించుకున్నాడు."

పాతబీరువా:
నా మనసు నిండిపోయింది. ఒక్క అక్షరం మార్చకండి. 'ఎండడానికి ఏడాది పట్టినవి' అన్న ముక్క దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను.

మిరపమొగ్గ:
మా రూమ్మేట్ సినిమా రెండు భాగాలూ చూసేసింది. ఇది చదివి వినిపించాను. "తల దించుకున్నాడు" దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

చల్లకవ్వం:
నిన్న సాయంత్రం మా అత్తయ్యకి మొత్తం కథ చదివి వినిపించాను. ఆవిడకి కళ్లు సరిగ్గా కనబడవు. సినిమా ఎప్పుడో టీవీలో చూశారు. అంతా విని, చాలాసేపు ఊరుకుని, ఒకటే అడిగారు. తెల్లవారకముందే వచ్చి వెళ్లిపోతాడు కదా, చీకట్లో ముఖం కనబడదు, మాట లేదు, మరి ఆ నీళ్లు పెట్టేది ఎవరో దేవసేనకి మొదటి నుంచీ తెలుసా అని. నాకు జవాబు తోచలేదు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను.

నెమలికన్ను:
అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి. తెలుసండి. చెంబు ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. ఎడమ గొలుసు ఒక జానెడు పొట్టిది.